మోకాలు వంచని కొండ

జనవరి 9

అత్తయ్యకు,

నీ పిచ్చుక నమస్కారాలు. మామయ్య నడుంనొప్పి ఎలా ఉంది? మిషను ముందు వంగి కూర్చోవడం తగ్గించమని నేను చెప్పానని చెప్పు. వినరని తెలుసు, అయినా చెప్పు.

నా పరిశోధనకి అంశం ఒప్పుకున్నారు. ఏమిటో చెబితే నవ్వుతావు. రోజూ పొద్దున బడి గంట కొట్టాక నువ్వు మాచేత చదివించేదానివే, ఆ ఇంగ్లీషు పద్యమే. విక్టోరియా రాణి కాలంలో ఎవరో కవి మన కొండెక్కి మూడు రోజులుండి, కోటగోడలూ బురుజులూ చూసి మురిసిపోయి రాసిన పద్నాలుగు పాదాలు. నాన్నకి ఊరూరా బదిలీలవుతుంటే ఏడేళ్ళ పిల్లగా మీ ఇంట్లో దిగాను కదా, అప్పుడు ముక్క అర్థం కాకుండానే కంఠతా పట్టాను. ఇప్పుడు అర్థం చేసుకోవడానికి జీతమిస్తున్నారు.

ఎంత బాగా కట్టాడో చూడు. ముందు ఎనిమిది పాదాలు, తర్వాత ఆరు. ఎనిమిది పాదాల్లో కొండ ఎక్కుతాడు. దారిలో ఒక్కొక్కటే చూపిస్తాడు. కొండ ఒక తల్లి, ఊరు ఆమె ఒళ్ళో పిల్ల. గోడలు ఆ పిల్ల చుట్టూ వేసిన చేతులు. తొమ్మిదో పాదం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, "కాలమా, ఇక్కడ నీ చెయ్యి ఆగింది" అంటాడు. అక్కణ్ణించి ఆరు పాదాలూ పైనుంచి కిందికి చూపు. బురుజులు సాయంత్రాన్ని ఎత్తిపట్టిన వేళ్ళు, నది ఒడ్డాణం, కొండ ఏమో ఎవరి ముందూ మోకాలు వంచనిది. పాదాల చివర ప్రాసలు గోడలో రాళ్ళలా ఒకదాన్నొకటి పట్టుకునుంటాయి. మొదటిదీ నాలుగోదీ, మధ్యలో రెండోదీ మూడోదీ. మన పద్యాల్లో యతీ ప్రాసా చేసే పనే ఇది. ఒక్కటి లాగితే మొత్తం ఊడొస్తుంది.

ఒక సందేహం తీర్చాలి. సూర్యుడు బురుజుల వెనక అస్తమిస్తాడని రాశాడు. నాకు గుర్తున్నంతలో అటు కాదు. ఒకసారి చూసి చెప్పవూ.

నాకిప్పుడు గట్టి నమ్మకం కుదిరింది అత్తయ్యా. ఇంత బిగువైన పద్యం ఊరికే పుట్టదు. ఆ కొండ నిలకడే దీనికొచ్చింది. ఇన్నాళ్ళు నిలిచింది, ఇంకో వెయ్యేళ్ళు నిలుస్తుంది.

ఉంటాను. పక్క మంచం అమ్మాయి గురక మొదలెట్టింది, ఇక రాయలేను.

నీ
పిచ్చుక


జనవరి 21

పిచ్చుకకు ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన పూటే బడి పైకప్పు పెచ్చు ఊడి మూడో తరగతి నల్లబల్ల మీద పడింది. ఎవరికీ ఏం కాలేదు. లెక్కల క్లాసు తప్పిందని పిల్లలు సంబరపడ్డారు. పెద్ద పంతులమ్మని కదా, నేను సంబరపడలేదు.

మీ మామయ్య కాజాలు కుడుతూ నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు. "ప్రాసలు రాళ్ళలా ఒకదాన్నొకటి పట్టుకున్నాయట. మరి మన వంటింటి తలుపు ద్వారబంధాన్ని పట్టుకోవట్లేదేం?" అన్నారు. నిజమే, నెల నుంచీ ఆ తలుపు పడటం లేదు. కింద చెక్క చిత్రిక పట్టించాం. వారం తిరక్కుండా మళ్ళీ బిగుసుకుంది.

సూర్యుడి సంగతి. నిన్న చూశాను. కవి చెప్పిన చోట నిలబడితే పొద్దు మన వీపు వెనక కుంకుతుంది, బురుజుల వెనక కాదు. ఆయన చూసింది ఉదయమైనా అయ్యుండాలి, ఊరి బయట ఎక్కడో నిలబడైనా ఉండాలి. మూడు రోజులున్నవాడికి ఏ ఊరైనా ముద్దుగానే ఉంటుంది. నీళ్ళబిందెతో మెట్లు ఎక్కి దిగలేదుగా.

ఇప్పుడు అసలు కబురు. పురపాలక ఆఫీసు నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. కొండ లోపల నీరు చేరి మట్టి జారుతోందట. గోడల్లో పగుళ్ళకి అడ్డంగా చిన్న గాజు పలకలు సిమెంటుతో అంటించి వెళ్ళాడు. పలక పగిలితే గోడ కదిలినట్టు లెక్క. మా వీధికి ఏడు అంటించాడు, బడికి నాలుగు. మూడు నెలల్లో మన కింది వీధి ఖాళీ చెయ్యమని నోటీసు. బదులు ఎక్కడిస్తారంటే కొండ దిగాక మైదానంలో రేకుల షెడ్లట. "అక్కడ పొయ్యి ఎక్కడ పెట్టుకోను?" అని మన వీధి దుకాణం రొట్టెలాయన అడిగాడు. 

ఆదివారం బడి హాల్లో అందరం కూడాం. ఎవరికి తోచింది వాళ్ళు అరిచారు. నాకేం చెప్పాలో తోచక నీ ఉత్తరం తీసి ఆ వెయ్యేళ్ళ మాట చదివాను.  రొట్టెలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "మన పిచ్చుక, మన కళ్ళముందు పెరిగిన పిల్ల, యూనివర్సిటీలో కూర్చుని తేల్చింది. ఇక ఆ గాజుముక్కలు ఎవడిక్కావాలి" అన్నాడు. నోటీసు రద్దు చెయ్యమని పై ఆఫీసుకి పెట్టే అర్జీలో నీ పేరుతో నీ మాట చేర్చారు. "పరిశోధనలో తేలిన ప్రకారం కొండ స్థిరమైనది" అని రాశారు. నాకు కాస్త నవ్వొచ్చింది, కాస్త గర్వమూ వేసింది. అందరూ సంతకాలు పెట్టారు. మీ మామయ్య ఒక్కరే పెట్టలేదు. కళ్ళజోడు మర్చిపోయానన్నారు. కళ్ళజోడు నెత్తి మీదే ఉంది.

రొట్టెల దుకాణంలో ఫోను ఇక లేదు. స్తంభాలు వాలిపోతున్నాయని తీగలు విప్పేశారు. ఉత్తరాలే దిక్కు.

వేళకి తిను.

మీ అత్త


జనవరి 24

అత్తయ్యకు,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను.

నిన్న పద్యాన్ని చేత్తో బల్ల మీద తాళం వేస్తూ చదివాను. పాదానికి అయిదు దెబ్బలు పడాలి. పదమూడు పాదాల్లో సరిగ్గా పడ్డాయి. పదకొండోదానిలో ఒకటి తక్కువ. అచ్చుతప్పేమోనని లైబ్రరీలో ఉన్న ప్రతులన్నీ తిరగేశాను. అన్నిట్లోనూ అంతే. ఆ పాదం ఏదో చెప్పుకో. "మోకాలు వంచని కొండ." సరిగ్గా ఆ మాట దగ్గరే నడక కుంటుతోంది.

అక్కణ్ణించి మిగతావీ వేరేగా కనిపించడం మొదలెట్టాయి. ఒడి, చేతులు, వేళ్ళు, ఒడ్డాణం. అన్నీ పట్టి ఉంచేవే. పడిపోనిదాన్ని ఎవరైనా అంత గట్టిగా పట్టుకుంటారా? నాకు తోచేదేమిటంటే, ఆ మూడు రోజుల్లో అతని కాళ్ళ కింద ఏదో కదిలింది. అది చెప్పలేక పొగిడాడు. పైకి పొగడ్త, లోపల భయం. మా గైడు మేడమ్ విని, కళ్ళజోడు తీసి, "థీసిస్‌లో ఇది రాయి, ఇదే రాయి" అన్నారు. ఆవిడ కళ్ళజోడు తీయడమంటే మాటలు కాదు.

నాకు కాలు నిలవడం లేదు. ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

నీ
పిచ్చుక


జనవరి 30

అత్తయ్యా,

నీ ఇరవై ఒకటో తేదీ ఉత్తరం ఇప్పుడే అందింది. నిలబడే చదివాను, నిలబడే రాస్తున్నాను.

ఆ అర్జీలోంచి నా మాట తీసేయించు. నేను రాసింది పద్యం గురించి. కొండ గురించి నాకేం తెలుసు? మట్టి గురించి నాకు ఓనమాలు రావు. వెయ్యేళ్ళు నిలుస్తుందన్నది ఉత్తరం ముగించడానికి రాసిన మాట, ముచ్చటకి రాసింది. దాన్ని పట్టుకుని మీరు ఇళ్ళల్లో కూర్చుంటే నేనేం కాను?

ఇంజనీరు చెప్పినట్టు వినండి. మూడు నెలలు ఆగొద్దు. నువ్వూ మామయ్యా రేపే బయల్దేరి నా దగ్గరికి వచ్చెయ్యండి. హాస్టల్ పక్క సందులో గది చూస్తాను. రొట్టెలాయనకి ఈ ఉత్తరం చూపించు, వీధిలో అందరికీ చదివి వినిపించు. మొన్న అది చదివినట్టే హాల్లో ఇదీ చదువు. కొండ జారుతోంది అత్తయ్యా. కవికి కూడా అలాగే అనిపించింది.

ఫోను లేకపోవడం ఏమిటి. నాకు పిచ్చెక్కుతోంది.

పిచ్చుక


ఫిబ్రవరి 12

పిచ్చుకకు,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు చేతిలో పడ్డాయి. పోస్టుమాన్ ఇప్పుడు వారానికొకసారే ఎక్కుతున్నాడు. దారి మీద రాళ్ళు పడ్డాయని వంక. ముందు విప్పింది రెండోదాన్ని. గాభరాగా ఉంది, ఏడుపొక్కటే తక్కువ. ఏమైందో పాపం అని మొదటిది విప్పాను. అందులో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేనన్నావు. కొండ మోకాలు వంగుతోందని తెలిసినందుకు సంతోషం.

తేదీలు చూసి తర్వాత సరిచేసుకున్నాననుకో. అయినా ముల్లు దిగిన చోట దిగింది.

నీ ఉత్తరం హాల్లో చదవలేదు. రొట్టెలాయనకి మాత్రం చూపించాను. చదివి మడిచి ఇచ్చేశాడు. "పై ఆఫీసులో ఎవరో పిల్లని బెదిరించారమ్మా. అర్జీలో తన పేరు చూసుంటారు. చదువు పోతుందని భయపడింది, పాపం" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. మీ మేడమ్ ఏమైనా అన్నారా? చదువు ముఖ్యం. నీ మాట తీసేయమని చెబుతాను. కానీ అర్జీ ఎప్పుడో వెళ్ళిపోయింది.

రమ్మన్నావు. వస్తే మేమిద్దరం నీ గదిలో ఒదుగుతాం, నిజమే. బడిలో పిల్లలందరూ ఒదుగుతారా? నేను దిగిన మర్నాడు బడికి తాళం పడుతుంది. తాళం పడితే ఈ పిల్లలు మళ్ళీ బడి ముఖం చూడరు. ఇరవై ఏళ్ళలో వీళ్ళ అమ్మల్ని పొయ్యిల దగ్గర్నుంచీ పశువుల దగ్గర్నుంచీ లాక్కొచ్చి కూర్చోబెట్టాను. వార్షిక పరీక్షలు మార్చి ఆఖరుకి. అవి అయ్యాక దిగుదాం అని మీ మామయ్యతో అన్నాను. ఆయన, "నువ్వు ఎప్పుడంటే అప్పుడే" అన్నారు. అని, ఊరికే కత్తెరకి నూనె పెడుతూ కూర్చున్నారు.

నవ్వుకోవడానికి ఒకటి రాస్తాను. గాజుపలకలు రెండు పగిలాయి, దుకాణం గోడకి ఒకటి, బడి కింది హాలుకి ఒకటి. ఇంజనీరు చూస్తే వెంటనే ఖాళీ చేయిస్తాడు కదా. రొట్టెలాయన సరిగ్గా అలాంటి గాజే కోయించి తెచ్చి, పాతది గీకేసి కొత్తది అంటించాడు. సిమెంటుకి మసి కూడా రాశాడు, పాతదానిలా కనబడాలని. ఇంజనీరు వచ్చి, వేలితో తడిమి, ఏదో రాసుకుని వెళ్ళాడు. వీధంతా తలుపుల వెనక నిలబడి నవ్వాపుకున్నారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

మీ మామయ్య మాత్రం నవ్వలేదు.

మీ అత్త


ఫిబ్రవరి 20

అత్తయ్యకు,

నన్నెవరూ బెదిరించలేదు. ఎలా చెబితే నమ్ముతావు? నా అంతట నేనే భయపడుతున్నాను.

పలకలు మార్చిన సంగతి చదివాను. మీరు మార్చింది గాజుని. పగిలింది గోడ. రెండు రోజులు చూశాను. మీకు మళ్ళీ రాస్తే మళ్ళీ వారం, దానికి జవాబు ఇంకో వారం. అందుకే తిన్నగా పురపాలక ఆఫీసులో ఆ ఇంజనీరుకే రాసేశాను, ఏ గోడకి ఏ పలక మార్చారో. నీ పేరు రాయలేదు, రొట్టెలాయన పేరూ రాయలేదు. నా పేరు రాశాను.

కోపమొస్తుందని తెలుసు. కోపం తెచ్చుకో. కొండ దిగొచ్చి కోప్పడు. ఎన్ని చివాట్లయినా పడతాను.

థీసిస్ ముందుకి సాగడం లేదు. కాగితం తీస్తే ఆ పదకొండో పాదమే కళ్ళముందు కూర్చుంటోంది. అది దొరికిన రోజు గంతులేశాను. నేను గంతులేస్తున్న వేళకి మీ వంటింటి తలుపు బిగుసుకుని ఉంది.

పిచ్చుక


మార్చి 3

పిచ్చుకకు,

నువ్వు రాసిన సంగతి ఇక్కడ తెలిసింది. పేర్లు రాయలేదన్నావు. దుకాణం గోడకి పలక మార్చారంటే మార్చింది దుకాణం వాడే అని తెలుసుకోవడానికి పోలీసు అక్కర్లేదు, అయినా పోలీసే వచ్చాడు. రొట్టెలాయన్ని రెండు రోజులు కింద ఠాణాలో కూర్చోబెట్టారు. తిరిగొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. మాతో అసలే మాట్లాడలేదు. మర్నాడు మా ఇంటికి రొట్టె రాలేదు. వీధిలో మిగతావాళ్ళు తమ గోడలకున్న పలకలన్నీ పీకి మెట్ల మీద పారేశారు. ఇప్పుడు ఏది కదిలినా చెప్పడానికి ఏ గాజూ లేదు.

నిన్ను తిట్టడం లేదు. తిట్టడానికి కూడా ఓపిక లేదు. నువ్వు మంచికే చేశావు. రొట్టెలాయనా మంచికే చేశాననుకున్నాడు.

నిన్న ఇంజనీరు బడికొచ్చాడు. కుర్రాడు, మాసిన గడ్డం, బూట్ల నిండా బురద. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మీరైనా చెప్పండమ్మా, మీ మాట వింటారు" అన్నాడు.

"కొండ ఎప్పుడు జారుతుంది నాయనా?" అని అడిగాను.

"తెలియదమ్మా. రేపు జారొచ్చు, పదేళ్ళకి జారొచ్చు. తెలిస్తే ఇలా తిరుగుతానా?"

"రేకుల షెడ్లు కట్టారా?"

"గుంజలు పాతారు. రేకులింకా రాలేదు."

"రేకులు రాని షెడ్డుకి ఈ పిల్లల్ని తీసుకెళ్ళమంటావా?"

అతను వంగి బూటు బురద గీక్కున్నాడు. నాకు జాలేసింది. మన చెయ్యి దాటిపోయిందంటే వాడి చెయ్యీ దాటిపోయినట్టే. వెళ్ళేముందు, "కింది హాల్లో మాత్రం పిల్లల్ని కూర్చోబెట్టకండమ్మా" అన్నాడు, నా చేతులు పట్టుకున్నంత పనిచేసి.

ఇవాళ్టి నుంచి తరగతులన్నీ కోట గేటు బయట ఖాళీస్థలంలో పెట్టాను. ఎండ. బల్లలు మోయలేక పిల్లలు నేల మీదే కూర్చుంటున్నారు. తల్లిదండ్రులు ఇద్దరొచ్చి, పంతులమ్మ కూడా ఆఫీసువాళ్ళతో కలిసిపోయిందని వినబడేలా అన్నారు. అననీ.

మీ మామయ్య మిషను విప్పి గోనెలో కట్టారు. కుట్టాల్సిన బట్టలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేశారు. "పరీక్షలు ఇంకెన్నాళ్ళు?" అని అడిగారు. మూడు వారాలన్నాను. సరేనన్నారు. ఆయన మళ్ళీ అడిగుంటే ఏమనేదాన్నో. అడగరు కదా.

ఆశీస్సులు.

మీ అత్త


మార్చి 11

అత్తయ్యా,

ఎవరి చేతికందుతుందో తెలియకుండా రాస్తున్నాను.

పేపర్లో నాలుగే ముక్కలు వేశారు. కొండచరియ విరిగిందనీ, పాత ఊళ్ళో కింది వీధి పోయిందనీ. దాని పక్కనే బురుజుల బొమ్మ, బొమ్మ కింద ఆ పద్యంలోంచి ఒక పాదం. ఏ పాదమో రాయను.

అందిన రైలెక్కి జంక్షను దాకా వచ్చాను. ఇక్కణ్ణించి ముందుకి ఏదీ పోవడం లేదు. వంతెన బలహీనపడిందట. సహాయం లారీలు మాత్రం వదులుతున్నారు, అవి మనుషుల్ని ఎక్కించుకోవు. ప్రతి లారీ దగ్గరికీ వెళ్ళి బడి పంతులమ్మ, టైలరు, ఇద్దరూ ఉన్నారా అని అడుగుతున్నాను. ఒక డ్రైవరు పిల్లలంతా క్షేమమన్నాడు. ఇంకొకతను పిల్లల మాట తెలియదన్నాడు. ఇద్దర్నీ నమ్మాలని చూస్తున్నాను.

వెయిటింగు హాల్లో బల్ల మీద పడుకుంటున్నాను. ఇక్కడ నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. ఒక ముసలాయన మాత్రం, "మీవాళ్ళు ఎటువైపమ్మా?" అన్నాడు. కింది వీధి అన్నాను. ఆయన తన దుప్పటి సగం నామీదికి జరిపాడు.

ఈ కాగితం మూడో లారీ డ్రైవరుకిస్తున్నాను. బతికుంటే ఒక్క ముక్క రాయి. ఏమీ రాయడానికి లేకపోతే నీ చేత్తో ఊరికే ఒక గీత గీసి పంపు.

పిచ్చుక


మార్చి 15

పిచ్చుకకు,

నేను ఉన్నాను. పిల్లలందరూ ఉన్నారు. మీ మామయ్య లేరు.

వరసగా రాస్తాను. ఎవరికీ చెప్పలేదు, నీకైనా చెప్పాలి.

తొమ్మిదో తేదీ పొద్దున పిల్లలు ఖాళీస్థలంలో ఉన్నారు. హాజరు వేస్తున్నాను. ఎక్కడో బండి రాళ్ళు దింపుతున్నట్టు చప్పుడైంది. కాసేపు ఆగింది. కింది వీధిలోంచి జనం బయటికి రావడం మొదలెట్టారు. మీ మామయ్యా బయటికొచ్చారు, గోనెలో కట్టిన మిషను భుజాన పెట్టుకుని. నన్ను చూశారు. పిల్లల్ని చూశారు. మిషను మెట్టు మీద పెట్టి వెనక్కి వెళ్ళారు. నేను కేకేశాను. పిల్లలు నా చీర పట్టుకుని ఉన్నారు, ఒక్క అడుగు వెయ్యలేకపోయాను.

తర్వాతిది రొట్టెలాయన చెప్పింది. పొయ్యిలో రొట్టెలున్నాయని ఆయన కదల్లేదట. మాతో మాటలు మానేసిన మనిషి కదా, మీ మామయ్యని చూసి మొహం తిప్పుకున్నాడట. మీ మామయ్య, "మాడితే మాడనీ, రేపు మళ్ళీ కాలుద్దువు గాని" అని రెక్క పట్టి లాగారట. గుమ్మం దాకా ఇద్దరూ వచ్చారు. గుమ్మం ఇరుకు. మీ మామయ్య రొట్టెలాయన్ని ముందు తోశారు.

అంతే. వీధి మొత్తం కిందికి జారింది, చప్పుడు కూడా ఎక్కువసేపు లేదు. ధూళి మాత్రం సాయంత్రం దాకా దిగలేదు. పై ఊరూ బురుజులూ అలాగే ఉన్నాయి, వాటికేం కాలేదు.

రెండో రోజు ఆయన్ని తీశారు. ఇంజనీరు కుర్రాడు చేతులతో తవ్వుతూ ఉండిపోయాడు. ఆపమన్నా ఆపలేదు. నేనే వెళ్ళి పక్కకి తీసుకొచ్చాను. వాడు ఏడుస్తూ ఏదో అన్నాడు, నాకు వినబడలేదు. వాడి వీపు నిమిరాను. ఇంకేం చెయ్యను.

నీ ఉత్తరం వల్లే అనుకుంటున్నావని నాకు తెలుసు. నీ మొదటిదానివల్లో, నువ్వు ఆఫీసుకి రాసినదానివల్లో, ఏదో ఒకదానివల్ల అని రోజుకో రకంగా అల్లుకుంటూ ఉంటావు. వద్దు. దిగకుండా ఉండటానికి మాకందరికీ ఒక సాకు కావాల్సొచ్చింది. నీది దొరికింది, పట్టుకున్నాం. అది లేకపోతే ఇంకోటి దొరికేది. పరీక్షలయ్యాక దిగుదామన్నది నేను. నిన్ను నమ్మించడానికి ఇది రాయడం లేదు, ఇలా జరిగింది గనక రాస్తున్నాను. నమ్మడం నా చేతిలో లేదు.

ఆ పద్యం మీద నాకు కోపం లేదు. కొన్నాళ్ళు మాత్రం దాని గురించి నన్నేమీ అడగకు. నువ్వు రాయదలచుకుంటే రాయి, మానేస్తే మానెయ్. ఏది చేసినా నేను బాధపడను.

ఇక్కడ మైదానంలో ఉన్నాం. రేకులు వచ్చాయి. రొట్టెలాయన రోజూ పొద్దున నా షెడ్డు ముందుకొచ్చి కూర్చుంటాడు.  ఎండ ఎక్కాక లేచి వెళ్తాడు.  వంతెన మీద నడిచి రావచ్చని ఇవాళ చెప్పారు. నువ్వు రా. వచ్చాక నా కాళ్ళ మీద పడటం లాంటివేం చెయ్యకు. పక్కన కూర్చో, చాలు.

నిన్న ఆఫీసు నుంచి గుమాస్తా వచ్చాడు, పోయినవాళ్ళ వివరాలు రాసుకోవడానికి. వరసగా అడుగుతూ నా దగ్గరికొచ్చి, "మీవారి పేరు?" అన్నాడు.  పెళ్ళైన నాటి నుంచీ ఏమండీ అనడమే గానీ ఆయన పేరు పెట్టి నేనెప్పుడూ పిలవలేదు. పక్కనున్నావిడ నా తరఫున చెప్పబోయింది. వద్దని నేనే చెప్పాను.

గుమాస్తాకి వినబడలేదు. "కొంచెం గట్టిగా చెప్పమ్మా" అన్నాడు.

మళ్ళీ చెప్పాను.

మీ అత్త